కోత పండుగకు ముందు సంఘ కాపరులకు, పెద్దలకు ఒక విన్నపం

గోదావరి డెల్టాలోని సంఘాల కాపరులకు, పెద్దలకు, స్త్రీల సమాజాల సహోదరీమణులకు ప్రభువు పేరట వందనాలు.

నేను నరసాపురానికి దగ్గరలో, వశిష్ఠ గోదావరి గట్టును ఆనుకొని ఉన్న ఒక ఊరిలో పుట్టి, మండల పరిషత్తు పాఠశాలల్లో ముప్పై మూడు సంవత్సరాలు పాఠాలు చెప్పి, పదవీ విరమణ తరువాత ఆదివారాల్లో మా గుడిలో సండే స్కూల్ పిల్లలకు వాక్యం నేర్పుతున్నాను. సార్వా చేలు కోతకు వస్తున్న ఈ రోజుల్లో మన సంఘాలన్నింటిలోనూ, పంటలో మొదటిది దేవునికి కృతజ్ఞతగా తెచ్చే కోత పండుగ ఏర్పాట్లు మొదలవుతాయి కనుక, చాలా కాలంగా మనసులో ఉన్న ఒక మాటను ఆ పండుగకు ముందే మీ ముందు ఉంచాలని ఈ లేఖ రాస్తున్నాను. మా కాపరి గారికి ఒక్కరికే చెప్పుకుంటే అది ఆయన మీద ఫిర్యాదులాగా వినిపిస్తుంది. ఏ ఒక్క సంఘానికో, ఏ ఒక్క మిషనుకో పరిమితమైన విషయం కాదు కాబట్టి లూథరన్, బ్రదరెన్, బాప్టిస్టు, కేథలిక్, పెంతెకొస్తు అనే తేడా పెట్టుకోకుండా అందరికీ కలిపి రాస్తున్నాను.

నా బాధ ఇది. మన సంఘాల్లో కృతజ్ఞత అన్నది చేతికి అందిన మేలుకు ఇచ్చే రసీదు స్థాయికి వచ్చేసింది. ఇల్లు కట్టుకుంటే కృతజ్ఞత కూడిక పెడతాము. అబ్బాయికి ఉద్యోగం వచ్చినా, అమ్మాయికి కువైట్ వీసా వచ్చినా, ఆపరేషను బాగా జరిగినా షామియానా వేసి, దైవజనులను పిలిచి, వచ్చిన వారందరికీ భోజనాలు పెడతాము. ఇది తప్పని నేను అనడం లేదు. కువైట్‌లో పదకొండు సంవత్సరాలు ఒకరి ఇంట్లో వంట చేసి, బిడ్డల ముఖాలు ఫోనులో మాత్రమే చూసుకుని, తిరిగి వచ్చి రెండు గదుల డాబా వేసుకున్న మా వీధి చెల్లెలు సాక్ష్యం చెబుతూ ఏడ్చినప్పుడు నేనూ ఏడ్చాను. ఆమె కృతజ్ఞత ఎంతో న్యాయమైనది. అయితే ఆ రోజు అదే షామియానా కింద, వెనుక వరుసలో, వీసా కోసం ఏజెంటుకు డబ్బు కట్టి మోసపోయి, తెచ్చిన అప్పుకు ఇంకా వడ్డీ కడుతున్న మరొక చెల్లెలు కూర్చుని ఉంది. తనను నమ్మిన వారిని దేవుడు సిగ్గుపడనివ్వడని మైకులో చెబుతున్నంతసేపూ ఆమె తల వంచుకునే ఉంది. ఆమె లేచి నిలబడి చెప్పుకోవడానికి మన కూడికల్లో మనం ఏ మాటా మిగల్చలేదు.

ఆ వెనుక వరుస ఎలా ఉంటుందో నాకు తెలుసు. నా భర్త మూత్రపిండాల జబ్బుతో రెండు సంవత్సరాలు బాధపడ్డారు. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు తీసుకువెళ్లే ఆ రోజుల్లో సంఘమంతా ఉపవాస ప్రార్థనలు చేసింది, ఆ ప్రార్థనలే నన్ను నిలబెట్టాయి, ఈ మాట నేను ఎక్కడైనా చెబుతాను. ఆయన ప్రభువునందు నిద్రించిన నెలకు పరామర్శకు వచ్చిన ఒక పెద్దాయన, “అమ్మా, విశ్వాసంలో ఎక్కడో లోపం ఉండి ఉంటుంది, ఒకసారి పరిశీలించుకోండి” అన్నారు. ఆయన చెడ్డవారు కారు. మన వేదికల మీద వినిపించే సాక్ష్యాలన్నీ అడిగితే దొరికిన సంగతులే కావడం వల్ల, అడిగినా దొరకని మనిషి ఎదురైతే ఏమి మాట్లాడాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు. ఆ తరువాత దాదాపు ఏడాది పాటు సాక్ష్యాల సమయంలో నేను లేవలేదు. లేస్తే ఏమి చెప్పాలి? ఆయన పోయిన రాత్రి ఆసుపత్రి వరండాలో, పేరు కూడా తెలియని ఒక ముస్లిం తల్లి తన ఫ్లాస్కులోని టీలో సగం నాకు పోసి ఇచ్చిందని, ఆ టీ కోసం దేవునికి వందనాలు చెప్పుకున్నానని, ఆ రాత్రి ప్రార్థనలో అంతకు మించి ఒక్క మాట కూడా పెగలలేదని చెప్పాలి. అది కూడా సాక్ష్యమేనని ఒప్పుకునే చోటు మన కూడికల్లో ఉండాలని నా కోరిక.

మా అమ్మ దగ్గర నేను చూసిన కృతజ్ఞత ఇలా ఉండేది కాదు. మా అమ్మ లేసు అల్లేది. పగలంతా అల్లికలో వేళ్లు కదులుతూ ఉన్నా, పొయ్యి వెలిగించే వేళకు సూది పక్కన పెట్టి, ఎసరు పెట్టి, సోలతో చేటలోకి బియ్యం కొలిచేది. కడగడానికి ముందు ఆ చేటలో నుంచి ఒక గుప్పెడు తీసి, గోడ గూటిలో ఉన్న మట్టి పిడతలో వేసేది. రెండు పూటలా అంతే. ఆ గుప్పెడు మా ఆరుగురికి సరిపోను కొలిచిన బియ్యంలోనిదే కాబట్టి, ఎసట్లో పడే బియ్యం ప్రతి పూటా ఆ మేరకు తగ్గేవి. శనివారం సాయంత్రం పిడతను గుడ్డ సంచిలోకి వంపి, ఆదివారం గుడిలో కానుకల బల్ల పక్కన పెట్టిన గంగాళంలో పోసేది. అలా ముప్పై నలభై ఇళ్ల బియ్యం అందులో కలిసేవి. దంపుడు బియ్యం, కోటా బియ్యం, నూకలు అన్నీ కలిసి రంగు రంగులుగా ఉండేవి, ఏవి ఎవరివో చెప్పడం ఎవరి తరమూ అయ్యేది కాదు. వాటిలో కొంత కాపరి గారి ఇంటికి, కొంత వితంతువులకు, బాలింతలకు వెళ్లేది. ఒక ఏడాది మా నాన్న కాలు విరిగి మంచాన పడినప్పుడు ఆ గంగాళంలోని బియ్యమే మా ఇంటికీ వచ్చాయి. ఆ వారం కూడా అమ్మ, వచ్చిన ఆ బియ్యంలో నుంచే గుప్పెడు తీసి పిడతలో వేసింది. “వాళ్లు మనకు ఇచ్చినవే కదమ్మా, మళ్లీ తియ్యడం దేనికి?” అని అడిగాను. “అన్నీ ఇచ్చినవేనే” అని పొయ్యి ఊదుకోవడంలో పడిపోయింది. సండే స్కూల్‌లో ఇన్నేళ్లుగా, అరణ్యంలో దేవుడు ఏ రోజుకు ఆ రోజు ఆహారంగా ఇచ్చిన మన్నా గురించి, ఏ రోజు కూడు ఆ రోజుకే అడగమని ప్రభువు నేర్పిన ప్రార్థన గురించి చెప్పిన ప్రతిసారీ నాకు ఆ చేటే కళ్ల ముందు ఉంటుంది.

నమ్మకం గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఈ నేల మీద సాగు చేసే వారికి నమ్మకం అంటే ఏమిటో కొత్తగా బోధించనవసరం లేదు. జూన్‌లో వదిలిన కాలువ నీరు శివారు భూములకు ఎప్పుడు చేరుతుందో తెలియకుండానే నారుమడి దున్నుతారు. పనలు చేలో ఉండగా తుపాను వచ్చిన సంవత్సరాలు ఎన్నో గుర్తున్నా మళ్లీ ఊడ్పులు ఊడుస్తారు. ధాన్యం ఆరబెట్టి, కొనుగోలుకు ఒప్పుకునే 17 శాతానికి తేమ దిగేదాకా రోడ్డు మీదే రాత్రుళ్లు కాపలా పడుకుంటారు. కౌలు రైతుకైతే పంట పోయినా మక్తా, అంటే భూమి యజమానికి ఇవ్వవలసిన కౌలు, తప్పదు. ఇటువంటి మనిషికి, విశ్వాసం ఉంటే నీ చేనికి ఏ హానీ రాదని బోధిస్తే, చేను మునిగిన రోజున అతనికి పంటతో పాటు దేవుడు కూడా లేకుండా పోతాడు. అంజూరపు చెట్టు పూయకపోయినా, పొలంలో పైరు పండకపోయినా తాను ప్రభువునందు ఆనందిస్తానన్న హబక్కూకు ప్రవక్త మాటను మనం ఎన్ని కోత పండుగల్లో ప్రసంగించామో దయచేసి ఒకసారి లెక్క చూసుకోండి. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ మీద పడినప్పుడు కూలిన కొబ్బరి తోటల మధ్య, పైకప్పు ఎగిరిపోయిన గుళ్లలో, ఆ ఆదివారం ఆరాధన చేసిన పెద్దలు మీలో ఇంకా ఉన్నారు. ఆ రోజు ఏమని ప్రార్థించారో ఇప్పటి యువకులకు చెప్పండి. వారికి అది అవసరం.

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించినప్పుడు నది మధ్యలోని మన లంక గ్రామాలు నీట మునిగిన సంగతి మీకు తెలుసు. వరద తీసిన తరువాత మా సండే స్కూల్ పిల్లలు కూడబెట్టిన దుప్పట్లు తీసుకుని మేము కొందరం పడవ మీద ఒక లంకకు వెళ్లాము. అరటి తోటలు నిలబడిన చోటే కుళ్లిపోయి వాసన వేస్తున్నాయి. ఒక ఇంటి గడప దగ్గర ఒకామె రేకు ముక్కతో ఒండ్రు గీకుతోంది. గోడ మీద నీళ్లు నిలిచిన గీత ఆమె భుజానికి పైన ఉంది. ఆ గీతకు కింద, క్రొత్త సంవత్సరం నాడు గుడిలో ఇచ్చిన, బైబిలు వాక్యం రాసిన వాగ్దానపు కార్డు అంటించి ఉంది, అక్షరాలు నీటికి కరిగి నీలం మరకగా మిగిలాయి. అందులో ఏమి రాసి ఉందో గుర్తుందా అని అడిగాను. “నాకు గుర్తు లేదండీ. ఆయనకు గుర్తుంటాది లెండి” అని, చేతి బురద కొంగుకు తుడుచుకుని దుప్పటి అందుకుంది. పక్కింటి ముసలమ్మకు చలి ఎక్కువని, ఆమెకు రెండు ఇవ్వమని చెప్పింది. నేను ఇన్నేళ్లుగా పిల్లలకు చెప్పిన విశ్వాసం ఆ గడపలో బురద గీకుతూ కనిపించింది. మరుసటి ఆదివారం ఆమెను గుడిలో నిలబెట్టి సాక్ష్యం చెప్పమని ఎవరూ అడిగి ఉండరు, ఎందుకంటే ఆ వారం ఆమెకు ఏ మేలూ జరగలేదు.

మన ప్రాంతానికి సువార్త వచ్చిన తీరు కూడా మనం మరచిపోతున్నాము. 1836లో ఇంగ్లీషు మిషనరీ ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట ఈ దేశానికి వచ్చి, తరువాత నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో పని చేసిన విలియం బౌడెన్, జార్జి బీర్ పెద్ద చదువులు చదివిన వారు కారు. ఒకరిది రాతి పని, మరొకరిది చెప్పులు కుట్టే పని. నెల నెలా జీతం పంపే సొసైటీ ఏదీ వారి వెనుక లేదు. దేవుడు చూసుకుంటాడన్న నమ్మకంతో కుటుంబాలతో సహా ఓడ ఎక్కారు. అదే కాలంలో ఈ డెల్టా కరవుతోనూ, 1839 నాటి కోరంగి ఉప్పెనతోనూ చితికిపోయి ఉంది. ఆర్థర్ కాటన్ దొర గట్టి విశ్వాసి. ఆ విశ్వాసం 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర రాయిగా, సున్నంగా కనిపించింది. ఆయన విగ్రహానికి మనమంతా దండలు వేస్తాము, వేయవలసిందే. ఆ రాళ్లు మోసిన కూలీల పేర్లు మాత్రం ఎక్కడా లేవు, మనలో చాలామందిమి అటువంటి కూలీల బిడ్డలమే. ఈ పూట కంచంలో అన్నం చూసి వందనాలు చెప్పేటప్పుడు వారిని కూడా తలచుకోవాలని నాకు అనిపిస్తుంది.

ఇక్కడి నుంచి నేను చెప్పబోయేది కొందరికి కష్టంగా ఉండవచ్చు. అయినా చెప్పకుండా ఉండలేను. కూలివాని కూలి పొద్దుగుంకే లోపల ఇవ్వాలని మోషే ధర్మశాస్త్రంలోనే ఉంది. మన సంఘాల్లో ఇప్పుడు భూములున్న వారు, రొయ్యల చెరువులున్న వారు, లేసు వ్యాపారం చేసే వారు, మేస్త్రీలు, కాంట్రాక్టర్లు ఉన్నారు, దేవుని కృప వలన ఉన్నారు. వారిలో కొందరు కోత పండుగకు వేల రూపాయల కానుక ఇస్తారు, ఊడ్పుల నాటి కూలి మాత్రం క్రిస్మస్ దాకా సాగదీస్తారు. చెరువులో నీరు మార్చేటప్పుడు ఆ ఉప్పు నీటిని చేలకు నీరు పారే పంట బోదెలోకి వదిలేసి, ఆదివారం నాడు సమృద్ధి గురించి సాక్ష్యం చెబుతారు. ఆ బోదె కింద రెండెకరాలు కౌలుకు చేసే సహోదరుడు అదే గుడిలో కింద చాప మీద కూర్చుని ఆ సాక్ష్యానికి ఆమెన్ అంటాడు. బైబిలులో బోయజు పొలంలో విధవరాలు రూతు పరిగె, అంటే కోతలో రాలిన వెన్నులు, ఏరుకున్న సంగతి మనం ఎంతో ఇష్టంగా చెప్పుకుంటాము. మా చిన్నతనంలో కోతలైన చేలల్లో పరిగె ఏరుకునే ఆడవాళ్లు, పిల్లలు కనబడేవారు. వరికోత యంత్రం వచ్చాక ఏరుకోవడానికి పరిగె లేదు, కోత కోసే కూలి పనీ లేదు. యంత్రం వద్దని నేను అనను, అది వచ్చిన చోట పేదవాని వాటా ఏ రూపంలో మిగిలిందో సంఘం అడగాలి కదా. మన ప్రభువు బల్ల మీద పరిచే తెల్లని గుడ్డ అంచుకు చాలా గుళ్లలో మన నరసాపురం లేసే ఉంటుంది. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మా అమ్మ ఉంటే సంతోషించేదని అనుకున్నాను. ఏజెంటు దారం కొలిచి ఇచ్చి, అల్లిక తీసుకుని, ఆమె చేతిలో పెట్టిన డబ్బుతో ఒక పూట కూర కూడా వచ్చేది కాదన్నదీ గుర్తుకు వచ్చింది. ఆమె చూపు నలభై ఏళ్లకే మందగించింది.

ఇక కోత పండుగ నాటి వేలం పాట గురించి. మొదటి పన, గుమ్మడికాయ, కొబ్బరి గెల, అరటి గెల, నాటు కోడి, కొత్త బియ్యం తెచ్చి బల్ల ముందు పెట్టడం ఎంత అందమైన ఆచారమో నాకు తెలుసు. వేలం పాడి ఆ డబ్బు సంఘానికి వాడడమూ తప్పు కాదు. క్రిందటి సంవత్సరం నేను చూసినది చెబుతాను. సండే స్కూల్‌లో నా దగ్గర చదివే తొమ్మిదేళ్ల పిల్లవాడు టిఫిన్ బాక్సులో ఊక పోసి, అందులో నాలుగు కోడిగుడ్లు పెట్టి, పగలకుండా రెండు చేతులతో పట్టుకుని తెచ్చాడు. వాళ్ల ఇంట్లో ఉన్నది ఒకే కోడిపెట్ట. వేలం మొదలయ్యాక ఒక అరటి గెలను ఇద్దరు పెద్దలు పంతం మీద ఐదు వేలకు పాడారు, చప్పట్లు మోగాయి, పాడిన వారి పేర్లు మైకులో రెండుసార్లు చెప్పారు. పొద్దుపోయిందని చివరన చిన్న చిన్న వస్తువులన్నీ ఒక బేసిన్‌లోకి చేర్చి, “ఈ చిల్లర సామాను మొత్తం కలిపి ఒకే పాట” అన్నారు. పిల్లవాడు తన బాక్సు వంక, ఆ బేసిన్ వంక చూశాడు. ఇంటికి వెళ్లేటప్పుడు ఖాళీ బాక్సు తీసుకోవడం కూడా మరచిపోయాడు. కానుకల పెట్టె ఎదుట కూర్చుని, ధనవంతులు వేసినదంతా చూసి కూడా, విధవరాలి రెండు కాసులను శిష్యులకు చూపించిన ప్రభువును మనం ఆరాధిస్తున్నాము.

కాపరులారా, పెద్దలారా, నేను అడిగేవి పెద్ద సంగతులు కావు. కోత పండుగ కానుక అందుకునే ముందు, నీ సహోదరునికి నీ మీద ఏదైనా ఉంటే కానుకను బలిపీఠం దగ్గర విడిచి ముందు అతనితో సమాధానపడమన్న ప్రభువు మాటను ఆధారం చేసుకుని, “ఈ పంటకు పని చేసిన వారి కూలి అంతా చెల్లించారా?” అని ఒక్క ప్రశ్న అడగండి. ఎవరి పేరూ ఎత్తనవసరం లేదు. పండుగకు ముందు రెండు ఆదివారాలు ప్రకటనల్లో చదివితే చాలు, అర్థం కావలసిన వారికి అర్థమవుతుంది, కొందరు ఆ వారంలోనే బాకీ తీర్చుతారని నా నమ్మకం. వేలంలో పాడిన వారి పేర్లు మైకులో చెప్పడం మానేయండి. తెచ్చిన ప్రతి వస్తువునూ, అది నిమ్మకాయ అయినా సరే, తెచ్చిన వారి చేతి నుంచే అందుకుని ప్రార్థించండి. దానికి గంట ఎక్కువ పడితే పడనివ్వండి, ఆ రోజు మనకు అంతకన్నా ముఖ్యమైన పని ఏముంది?

సాక్ష్యాల సమయంలో, ఈ సంవత్సరం పోగొట్టుకున్న వారిని కూడా పిలవండి. పంట పోయినవారు, బిడ్డను పోగొట్టుకున్నవారు, అప్పు తీరనివారు వచ్చి, తమకు ఏమి మిగిలిందో, ఎవరు తోడు నిలిచారో రెండు మాటలు చెబితే చాలు. ఏమీ చెప్పలేకపోతే ఊరికే నిలబడినా మనం వారితో పాటు నిలబడదాము. వారి విశ్వాసం కొలవడానికి ఎవరూ పూనుకోకుండా మీరు చూసుకోండి. అప్పుడు మా వెనుక వరుసలోని ఆ చెల్లెలు తల ఎత్తుతుందని నేను ఆశపడుతున్నాను.

స్త్రీల సమాజాల సహోదరీమణులకు ప్రత్యేకంగా ఒక మనవి. కానుకలు ఫోనులో స్కాన్ చేసి పంపే రోజులు వచ్చాయి, దూరాన ఉన్న మన పిల్లలకు అది సౌకర్యమే. అయితే గుప్పెడు బియ్యాన్ని ఎవరూ స్కాన్ చేయలేరు. దానికి పొయ్యి దగ్గర, పూట పూటకూ, చెయ్యి చాచాలి. మూలన పడి ఉన్న ఆ గంగాళాలను కడిగి మళ్లీ కానుకల బల్ల పక్కన పెట్టించండి. బియ్యం ఎవరికి చేరాయో సంఘానికి లెక్క చెప్పండి, పుచ్చుకున్న వారి పేర్లు మాత్రం చదవవద్దు. మన పేటలో క్రీస్తును ఎరుగని ఇళ్లలోనూ ఆకలి ఉంటుంది, వారికీ అందులో వాటా ఉండాలి.

మా అమ్మ పిడత ఇప్పటికీ నా దగ్గర ఉంది. అంచు ఒక చోట పెచ్చు ఊడింది గాని బియ్యం నిలుస్తాయి. ఈ లేఖ మొదలు పెట్టిన రోజు నుంచి పూటకు ఒక గుప్పెడు అందులో వేస్తున్నాను. కోత పండుగ నాటికి నిండుతుంది. తీసుకువచ్చినప్పుడు గుడిలో ఎక్కడ పొయ్యాలో చెప్పండి.

ప్రభువునందు మీ సహోదరి,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
నరసాపురం ప్రాంతం, పశ్చిమ గోదావరి జిల్లా.